ఎర్రబుడ్డి మెడమీది పట్టీ

మార్కాపురంలో కళ్లద్దాల దుకాణాలు చాలానే ఉన్నాయి. వాటిలో జిలానీ దుకాణంలో మాత్రం కళ్లద్దాలు ఆలస్యంగా దొరికేవి. అద్దాలు అరగదీసే చక్రం ముందు కూర్చున్న జిలానీ మధ్యలో లేచి లోపలి గదిలోకి పోయి, బీరువాలోంచి ఏదో ఒక సీసా తీసి, కిటికీ వెలుతురుకు పట్టి చూసుకుని, మళ్లీ లోపల పెట్టి వచ్చేవాడు. వచ్చినవాళ్లు ఓపిక పట్టేవాళ్లు. చూపు సరిగా ఆననివాళ్లు, అంత తొందరగా ఎక్కడికని పోతారు?

ఆ బీరువాలో ఉన్నదంతా బొహీమియా గాజు. బొహీమియా అంటే చెక్ దేశంలో ఒక ప్రాంతమనీ, నూటయాభై ఏళ్ల కిందట అక్కడి కొలిముల్లో ఊదిన సీసాలూ గిన్నెలూ ఓడలెక్కి వచ్చి మన రేవుల్లో దిగేవనీ, మనవాళ్ల వాడుకకు తగ్గట్టు హుక్కా బుడ్లూ అత్తరు సీసాలూ అక్కడే చేసి పంపేవాళ్లనీ అడిగినవాళ్లకు చెప్పేవాడు. అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. ఆయన పోయి రెండేళ్లవుతోంది. చెక్ దేశం పటంలో ఎక్కడుందో మార్కాపురంలో చాలామందికి ఇప్పటికీ తెలుసు. ఆ తెలివితో ఏం చేసుకోవాలో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ గాజు కోసం ఆయన దుకాణం మూసిన రోజుల్లో బస్సెక్కి ఊళ్లు తిరిగేవాడు. పొదిలిలో ఒక పాత ఇంటి అటక మీద షాండిలియర్ లోలకులు దొరికాయి. షాండిలియర్ దొరకలేదు. వెలిగండ్లలో ఒకావిడ ఆవకాయ జాడీ మీద బోర్లించిన నీలం గాజుమూతను, కొత్త స్టీలు మూత ఇచ్చి తెచ్చుకున్నాడు. దాని గిన్నె కోసం బతికినన్నాళ్లూ వెతికాడు. కొమరోలు దగ్గర యల్లయ్య అనే గొర్రెల కాపరి దగ్గర పచ్చటి కోతగాజు సీసా ఉందని విని, ఎండలో గొర్రెల వెంట నడిచి మరీ చూశాడు. యల్లయ్య దానితో గొర్రెలకు మందు పోస్తున్నాడు.

"ఇది మీ తాతల కాలం నాటిది యల్లయ్యా. ఈ పలకలు చూడు, చక్రం మీద చేత్తో కోసినారు."

"కోసినారేమో సాయిబూ. దీని మూతి గొర్రె దవడకు సరిగ్గా పడతాది. ప్లాస్టిక్‌దైతే నమిలేస్తాది."

"నీకు వేరే గాజుసీసా ఇస్తా."

"ఇయ్యి. గొర్రె ఒప్పుకుంటే నాకేం?"

గొర్రె ఒప్పుకోలేదు. ఆ సీసా ఇప్పటికీ కొమరోలు మందలోనే ఉంది.

ఇంట్లో తగువు నీళ్ల దగ్గర వచ్చేది. మార్కాపురం బోరునీళ్లు గాజు మీద ఆరితే తెల్లటి మచ్చ కడతాయి. గోటితో గీకినా రాదు. అందుకని జిలానీ తన సీసాలను కొనుక్కొచ్చిన క్యాన్ నీళ్లతో కడిగేవాడు.

"మనుషులు బోరునీళ్లు తాగాల, సీసాలు మినరల్ వాటర్ పోసుకోవాల. ఏం ఇల్లండీ ఇది!" అనేది భార్య అక్తర్ బేగం.

"మనిషికి మచ్చ పడదు."

"నా పండ్లు చూసి మాట్లాడండి."

జిలానీ చూసేవాడు కాదు. మర్నాడు ఇంకో క్యాన్ తెచ్చేవాడు.

ఇవన్నీ తర్వాత చేరినవి. వీటన్నిటికంటే ముందు నుంచీ ఇంట్లో ఉన్నది ఎర్ర పన్నీరు బుడ్డి. అది జిలానీ తల్లి హుసేన్‌బీది. ఆమె తల్లి రాతిపలకలు అమ్మే ఒక షావుకారు ఇంట్లో వంట చేసేది. ఆ షావుకారు పలకలు ఓడకెక్కించడానికి మద్రాసు పోయినప్పుడల్లా ఏదో ఒక వింత వస్తువు తెచ్చేవాడు. హుసేన్‌బీ పెళ్లికి ఆయన ఇచ్చిన బహుమానం ఈ బుడ్డి. కింద గుండ్రటి బొజ్జ, పైన జానెడు మెడ, మెడ కొసన చిల్లుల మూత. బొజ్జ చుట్టూ ఒక తీగ, తీగ మధ్యలో పరుగెత్తే జంతువు.

బుడ్డి హుసేన్‌బీదే అయినా వాడుక వీధిది. సాయిబుల ఇంట్లో నికా అయినా, హిందువుల ఇంట్లో తలంబ్రాలైనా, చర్చిలో పెళ్లయినా ముందురోజు ఆ ఇంటి పెద్దామె వచ్చి నోరు తెరిచి బుడ్డిని అడగాలి. అడిగినవాళ్లకు లేదనకూడదు. ఇదే ఆనవాయితీ. వచ్చినవాళ్ల మీద ఆ బుడ్డితో పన్నీరు చల్లకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. చల్లకుండా ఎవరూ పెళ్లి చేయలేదు కాబట్టి.

హుసేన్‌బీ పోయాక కోడలు అక్తర్ బేగం ఆ పద్ధతినే నడిపింది. జిలానీకి అందులో పని లేదు. ఒకసారి చిల్లుల మూత వదులైందంటే బిగించడానికి దుకాణానికి పట్టుకుపోయి, ఊరికే లెన్సులు పరీక్షించే దీపం ముందు పెట్టాడు. పెట్టి అట్లాగే ఉండిపోయాడు. ఎరుపు గాజులో లేదు, గాజు మీద ఉంది. లోపలున్నది తెల్లటి గాజు. పైన చర్మం లాగా కాల్చి పట్టించిన ఎర్రటి పూత, వెంట్రుకంత మందం కూడా లేదు. ఆ పూతను చెక్కి తీగనూ జంతువునూ తెల్లగా తేల్చారు. అంతవరకూ ఆయన ఆ తీగను కాకరతీగ అనుకున్నాడు. అది ద్రాక్షతీగ. మేక అనుకున్నది జింక. ఆ రోజు ముగ్గురు నలుగురు కళ్లద్దాలు తీసుకోకుండానే ఇంటికి పోయారు.

అక్కడి నుంచి చదువు మొదలైంది. జిలానీది పదో తరగతి ఇంగ్లీషు. మిగతాది ఫోను చూసుకుంది. పరాయి దేశాల మ్యూజియాల్లో ఉన్న ఎర్రబుడ్ల బొమ్మలన్నీ వెతికి చూశాడు. బొజ్జలు కలిశాయి, తీగలు కలిశాయి, జింకలు కలిశాయి. మెడ మాత్రం దేనితోనూ కలవలేదు. తన బుడ్డి మెడ మధ్యలో నాలుగువేళ్ల వెడల్పున చుట్టూతా ఎరుపు లేని తెల్లటి పట్టీ ఒకటి ఉంది. అట్లాంటి పట్టీ ప్రపంచంలో ఏ బుడ్డికీ లేదు. మన దేశంలో పన్నీరు చల్లేవాళ్లు మెడ పట్టుకుంటారని తెలిసి, చేయి పడేచోట కావాలనే పూత వేయకుండా వదిలేశారని ఆయన తేల్చాడు. దానికి 'మార్కాపురం పట్టీ' అని తనే పేరు పెట్టి, ఫొటోలతో సహా ఫోనులోని పాతగాజు సేకరించేవాళ్ల గుంపులో పెట్టాడు. 'ఇన్నేళ్ల అనుభవంలో ఇలాంటిది చూడలేదు' అని ఇంగ్లండు నుంచి ఒకాయన రాశాడు. ఆ వాక్యాన్ని జిలానీ కళ్లద్దాలకు వచ్చిన ప్రతివాళ్లకూ చదివి వినిపించాడు. కొందరితో చదివించాడు కూడా. చూపు పరీక్షకు అక్షరాల అట్ట బదులు అదే పనికొచ్చింది.

ఆ తర్వాత బుడ్డి బీరువా దాటలేదు. వెనక వీధి జాకబ్ మేస్త్రీ కూతురి పెళ్లికి ఆనవాయితీ మొదటిసారి తప్పింది. జిలానీ కొత్త స్టీలు పన్నీరు బుడ్డి ఒకటి కొని, ఇకమీదట అందరూ ఇది తీసుకుపోవచ్చని చెప్పాడు.

"దాంతో చల్లించుకుంటే కుక్కరు విజిల్ పక్కన నిలబడినట్టుంది అక్కా" అని జాకబ్ భార్య తిరిగి ఇచ్చేటప్పుడు అక్తర్ బేగంతో అంది.

వీధివాళ్లు ఒకరిద్దరు మాట్లాడటం తగ్గించారు. జిలానీ దాన్ని లెక్కచేయలేదు. వాళ్లు మాట్లాడేది ఎక్కువగా గాజు గురించి కాదు కదా అనుకున్నాడు.

అప్పుడు గిద్దలూరు నుంచి అక్క దిల్షాద్ వచ్చింది. భర్త పోయిన మనిషి. చిన్నకూతురు రిహానాకు వచ్చే గురువారం నికా. తండ్రి లేని పిల్ల కాబట్టి నికా నాడు వకీలుగా లోపలి గదిలోకి పోయి 'ఖబూలేనా', సమ్మతమేనా అని పెళ్లికూతుర్ని అడిగి, ఆమె మాట బయట కూర్చున్న ఖాజీకి చేరవేయవలసింది మేనమామ జిలానీ. రిహానాకు ఆరేళ్ల వయసులో మొదటి కళ్లద్దాలు పెట్టింది ఆయనే. పెట్టగానే ఆ పిల్ల 'మామూ, నీకు మీసాల్లో తెల్లవెంట్రుక ఉంది' అంది. ఆయన దుకాణంలో కళ్లద్దాలు చెప్పిన రోజుకు అందేది ఆ పిల్లకు ఒక్కదానికే.

దిల్షాద్ కూర్చోకముందే పని చెప్పింది. "బుడ్డి ఇయ్యి రా, మూడు గంటల బస్సుకు పోవాల."

"ఆపా, అది ఇప్పుడు అట్ల ఇచ్చేది కాదు."

"మరి ఎట్ల ఇచ్చేది?"

"ఇట్లాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదంట. ఇంగ్లండాయన రాసినాడు. చదువుతా ఉండు."

"పెండ్లి ఇంగ్లండాయన కూతురికా?"

"పగిలితే మళ్లీ రాదు ఆపా."

"అమ్మ ఎన్ని పెండ్లిండ్లకు ఇచ్చింది? అప్పుడు పగల్లేదు. పగిలేదానికి నా బిడ్డ పెండ్లే దొరికిందా దానికి?"

"స్టీలుది ఉంది. కొత్తది. మెరుస్తా ఉంటాది."

"నెత్తిన పెట్టుకో. ఇంకా మెరుస్తాది."

అక్తర్ బేగం టీ తెచ్చింది. దిల్షాద్ ముట్టలేదు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "బుడ్డి రాకుంటే నువ్వూ రావాకు. ఖబూలేనా అని అడిగేదానికి రిహానా చిన్నాయన ఉన్నాడు" అంది.

"ఆయనకు చెవుడు కదా ఆపా. ఆ పిల్ల ఏం చెప్పిందో ఆయనకెట్ల వినపడతాది?"

"నీకు కండ్లు లేవు. చెవుడే మేలు."

ఆమె పోయాక టీ చల్లారింది. జిలానీ బీరువా తెరిచి బుడ్డిని చూశాడు, మూశాడు. రెండు మూడు రోజులు చక్రం ముందు నుంచి లేవకుండా పనిచేశాడు. కళ్లద్దాలు చెప్పిన రోజుకే తయారయ్యేసరికి ఊళ్లోవాళ్లు ఆయనకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. ఏదో ఒకటి గట్టిగా తేలితే బాగుండుననుకున్నాడు. ఆ బుడ్డి నిజంగా ప్రపంచంలో ఒక్కటేనని పెద్దవాళ్లెవరైనా రాసిస్తే, అక్క కోపం కూడా ఎప్పటికైనా దిగుతుందని ఆయన లెక్క. ఉత్తర బొహీమియాలో జీవితమంతా గాజు మీద చెక్కుడుపని చేసి మానుకున్న, ఆ గుంపులోనే ఉన్న పావెల్ అనే పెద్దాయనకు మెడ ఫొటోలు దగ్గరగా తీసి పంపాడు.

సోమవారం జవాబు వచ్చింది. ఫోను దాన్ని తెలుగులోకి మార్చి పెట్టింది. బుడ్డి నిజమైనదే. మా వైపుదే. తూర్పు దేశాలకని చేసినది, మంచి పనితనం. ఇలాంటివి ఇంకా చాలానే ఉన్నాయి. మెడమీది పట్టీ మాత్రం మావాళ్లు చేసింది కాదు. సన్నటి గీతలన్నీ ఒకే వైపుకు ఉన్నాయి, అంచుల దగ్గర ఎరుపు పలచబడుతూ పోయింది. ఎవరో ఏళ్ల తరబడి రాతిపొడి లాంటి దానితో అక్కడ రుద్దుతున్నారు. దయచేసి వాళ్లను ఆపమని చెప్పండి.

జిలానీకి ఒళ్లు మండింది. ఇంటికి పోయి చదివి వినిపించాడు. అక్తర్ బేగం చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"రాతిపొడితో రుద్దుతారంట! గాజును! అంత బుద్ధిలేనివాళ్లు ఎవరుంటారు?"

"మీ అమ్మ" అంది అక్తర్ బేగం.

జిలానీ ఫోను దించాడు.

"పలకపొడితో తోమేది. పెండ్లిలో అందరూ గంధం చేతుల్తో మెడ పట్టుకుంటారు కదా, జిడ్డు పడతాది. అక్కడ గట్టిగా తోమేది. నాకూ అట్లనే నేర్పింది. నేనూ తోమినా."

కార్ఖానాల్లో పలకలు కోసేచోట రంపాల కింద రాలే మెత్తటి బూడిదరంగు పొడి అది. ఆ వీధిలో ఇత్తడైనా ఇనుమైనా దానితోనే తోమేవాళ్లు. ఆ సంగతి వీధిలో ఆడవాళ్లందరికీ తెలుసు. జిలానీ గిన్నెలు తోమే బండ దగ్గర జన్మలో కూర్చోలేదు.

"ఇన్నేండ్లు నేను ఆ పట్టీ గురించి చెప్తా ఉంటే, నువ్వు..."

"చెప్తా ఉంటిరి, వింటా ఉంటిని. అది ఎట్లొచ్చిందని నన్నెప్పుడన్నా అడిగినారా? చెక్కోళ్లను అడిగినారు."

ఆయన బీరువా దగ్గరకు పోయి, బుడ్డి తీసి, కంటికి లెన్సు పెట్టుకుని మెడ చుట్టూ చూశాడు. గీతలు ఉన్నాయి. అంతకుముందు కూడా ఉన్నాయి. అప్పుడు అవి చక్రం గీతలు అనుకున్నాడు. చాలాసేపు చూశాక వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"గురువారం బుడ్డి తీసుకొని గిద్దలూరు పోతా" అన్నాడు.

"పొండి. ఇప్పుడు విలువ లేదని తెలిసింది కదా, ఇయ్యొచ్చు."

"ఆపా కూడా అదే అంటాది."

"అంటాది. అనదా?"

"అందుకే చెప్పను. పట్టీ సంగతి ఎత్తను. ఒక్కటే ఉండేది తెచ్చినాడని అనుకోనీ. చెప్పకుండా ఉంటే అబద్ధం కాదు కదా."

అక్తర్ బేగం ఒక రాయి ఏరి పారేసింది. "గాజు సంగతి చెప్పకుండా. మీరు."

"ఉంటా."

నికాకు ముందురోజు, బుధవారం పొద్దున, బుడ్డిని అక్తర్ బేగం దుపట్టాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. భార్య మర్నాడు వస్తానంది. పెద్దమనిషి ఒళ్లో మూటను చూసి కండక్టరు, "పసిబిడ్డకు టికెట్టు లేదులే సాయిబూ, కాళ్లు చాపి పడుకోబెట్టు" అన్నాడు. జిలానీ మూటను దగ్గరకు లాక్కున్నాడు. పక్కన కూర్చున్నాయన మూటలో ఏందని అడిగాడు. సీసా అన్నాడు. ఏం సీసా అంటే, సీసా అన్నాడు. కంభం దాటేదాకా ఇంకో మాట మాట్లాడకుండా అలవాటు చేసుకున్నాడు. తనమీద తనకు నమ్మకం కుదిరింది.

గిద్దలూరులో దిల్షాద్ ఇంటి ముందు షామియానా కడుతున్నారు. వెనక వసారాలో అద్దెకు తెచ్చిన బిర్యానీ దేగిసాలు బోర్లించి ఉన్నాయి. కుళాయి దగ్గర చుట్టాల ఆడవాళ్లు ఉల్లిపాయలు వలుస్తున్నారు. దిల్షాద్ ఆయన్ను చూసి ముఖం తిప్పుకోబోయి, మూటను చూసి ఆగింది. జిలానీ దుపట్టా విప్పాడు. ఎండలో బుడ్డి ఎర్రగా వెలిగింది. ఉల్లిపాయల చేతులు ఆగిపోయాయి.

"ఇదేనా, ప్రపంచంలో ఒక్కటే ఉండేదంట?" అంది ఒకామె.

"ఇదే" అంది దిల్షాద్. "నా తమ్ముడు. రిహానా కోసం తెచ్చినాడు. ఇంగ్లండోళ్లు అడిగినా ఈయలే. ఆపా అడిగితే తెచ్చినాడు."

ఇంగ్లండువాళ్లు అడగలేదు. అది కూడా జిలానీ దిద్దలేదు. అక్క ముఖం చూశాడు. ఆ ముఖం కోసమే వచ్చాడు. ఇక నోరు మూసుకుని నిలబడితే చాలు. నిలబడ్డాడు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చి, మెడమీది తెల్లపట్టీని వేలితో చూపించుకుంటూ, ఇదే, ఈ గీతే, దీనివల్లే ఇంకోటి లేదంట అని చెప్పుకుంటున్నారు. వాళ్లు చెప్పుకుంటున్నది తప్పు. పూర్తిగా తప్పు.

"కాదు ఆపా" అన్నాడు జిలానీ.

"ఏంది కాదు?"

"ఇట్లాంటివి చాలానే ఉన్నాయంట. ఆ పట్టీ వాళ్లు చేసింది కాదు. అమ్మ పలకపొడితో తోమి తోమి ఎరుపు పోయింది. మొన్న సోమవారం తెలిసింది."

దిల్షాద్ ఆయన్ను కిందినుంచి మీదికి చూసింది.

"అంటే విలువుండేటప్పుడు బీరువాలో పెట్టుకున్నావు. ఏమీ లేదని తెలిసినాక ఆపాకు ఇద్దామని తెచ్చినావు."

జిలానీ తల ఊపాడు. "అవును" అన్నాడు.

"అవునంట! చూడండమ్మా, అవునంట! ఊరికే నోరు మూసుకొని నిలబడితే నీకేం పోయె? రేపంతా నేను గొప్పగా చెప్పుకుంటాంటి కదరా!"

"ఊరుకుందామనే వచ్చినా ఆపా. గాజు సంగతి కదా, తప్పు చెప్తాంటే..."

"నీ గాజు పాడుగాను. ఇటియ్యి."

ఆయన చేతుల్లోంచి బుడ్డిని లాక్కుంది. విసిరి కొడుతుందనుకున్నాడు. ఆమె దాన్ని ఎండకెత్తి, మెడను అటూ ఇటూ తిప్పింది.

"ఏది, అమ్మ తోమింది?"

ఆయన వేలు పెట్టి చూపించాడు. దిల్షాద్ అక్కడ పట్టుకుంది. హుసేన్‌బీ చేయి కూడా అంతే వెడల్పు. కాసేపు అట్లాగే పట్టుకుని ఉంది. తర్వాత ముఖం దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"ఇంత మసి ఉందేంది? కడగనేలేదా నువ్వు?"

"క్యాన్ నీళ్లతో కడిగినా."

"క్యాన్ నీళ్లకు జిడ్డు పోతాదా? అమ్మ చూసుంటే చెప్పుతో కొట్టేది. దీంతోనా రేపు నా బిడ్డ పెండ్లికి వచ్చినోళ్ల మీద చల్లేది?"

ఆమె కుళాయి కింద బండ మీద కూర్చుంది. గిన్నెల సబ్బు మీద పచ్చటి స్క్రబ్బరు రుద్ది, మెడ దగ్గర మొదలుపెట్టింది. పలకపొడి లేదు గానీ చేయి అదే చేయి. జిలానీ నోరు తెరిచాడు. ఆపమని చెప్పండి అన్న పావెల్ మాట జేబులో ఉన్న ఫోనులోనే ఉంది. సబ్బు నురగకు బుడ్డి బొజ్జ ఆమె మోకాళ్ల మధ్య ఒకసారి జారింది. ఆయన గబుక్కున ఎదురుగా గొంతుకూర్చుని, రెండుచేతుల్తో కింద పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నా."

"షేర్వానీ తెచ్చుకున్నావా?"

"లేదు."

"ఈ చొక్కాతోనా పోతావు రిహానా దగ్గరికి, వకీలువి?"

"రావాకు అన్నావు కదా ఆపా."

"బుడ్డి రాకుంటే అన్నా. వచ్చింది కదా." ఆమె తల ఎత్తకుండా తోముతోంది. "మీ బావది పెట్టెలో ఉంది. పొట్ట కాడ బిగుస్తాది. ఆ పిల్ల ఖబూల్ అనేదాకా ఊపిరి పీల్చాకు."

జిలానీ నురగలోకి చూశాడు. ఎరుపేమీ కనబడలేదు. కంటికి కనబడేటట్టు పోయేది కాదని ఆయనకు తెలుసు.

"ఇటు తిప్పు" అంది దిల్షాద్.

జిలానీ తిప్పాడు.